మైనస్ మూడు సెకన్లు

షువైఖ్ రేవు వెనక, నాలుగో అంతస్తులో,
ఏసీ చలికి శాలువా కప్పుకుని
జీతాల ప్రోగ్రాములో రెండు లైన్లు కలిపాను.
పని మొదలుకాగానే గడియారం వైపు ఒక చూపు,
అయిపోగానే ఇంకో చూపు.
తీసివేత మూడో తరగతి లెక్కే.
మిగిలింది లాగ్ ఫైల్లో ఒక వరస.

పొద్దున చూస్తే
హాజరు చదవడం నాలుగు సెకన్లు.
ఓవర్‌టైము కూడడం తొమ్మిది.
ఆలస్యానికి కోత: ముప్పై ఎనిమిది నిమిషాలు.

ఇంతకాలం నెట్‌వర్కుని తిట్టుకున్నాం.
అది కాదు. రెండేళ్ల కిందట నేను రాసిన లూపే
వెయ్యిన్నీ రెండొందల మంది పేర్ల మీద,
ఒక్కో నిమిషం ఆలస్యానికీ
రూల్సు పట్టిక దాకా నడిచెళ్లి
అడిగి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్తోంది.
జరిమానా దగ్గర ఎంత ఓపికో దానికి!

సరిచేశాను. పదకొండు సెకన్లకి దిగింది.

మర్నాడు లాగులో ఇంకో వింత.
మైనస్ మూడు సెకన్లు.
మొదలవకముందే ముగిసిన పని:
ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇద్రీస్ వచ్చి చూసి, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.
"సర్వరు గడియారం ముందుకు పోయింది,
రాత్రి ఎవరో చెవి పట్టుకుని వెనక్కి లాగారు.
దాన్ని గోడకి ఉంచు. కొలవడానికి లోపల ఇంకోటుంది.
అది టైమెంతో చెప్పదు.
ఎంతసేపైందో చెప్తుంది."
మిషను లేచినప్పట్నించీ ముందుకే దాని నడక.
ఏ దేశం గంటా దానికి పట్టదు.

మూడింటికి ఓబులేసు సులేమానీ తెచ్చాడు.
ముప్పై ఎనిమిది నిమిషాల పని
పదకొండు సెకన్లైందని గొప్పగా చెప్పాను.
"అయితే ఈ తూరి జీతం బిన్నా పడతాదా అక్కా?"
"లేదు. బ్యాంకు మూడు రోజులు తీసుకుంటుంది."
"ఓ," అన్నాడు,
కప్పు చెవి నా వైపుకి తిప్పి పెడుతూ.

పాంట్రీలో, చక్కెర అట్టపెట్టె మీద
పెన్సిలుతో ఏవో అంకెలు.
"ఇదేంది?"
"బస్సు లెక్కక్కా."

మహబూలాలో ఎక్కింది 4:50. గేటు కాడ 6:25. దుమ్ము.
4:50. 6:10. టైరు.
4:45. 6:40. డ్రైవరు రాల్యా.

తీసివేతలు చేయలేదు అతను.
నా పట్టికలో గేటు దగ్గర వేలిముద్రతోనే
మనిషి రోజు మొదలు.
బస్సుకి అందులో గడి లేదు.
దుమ్ముకీ లేదు.
అతని కోతని మాత్రం ఇప్పుడు
రెప్పపాటులో కోసేస్తున్నాను.

అట్టపెట్టెని ఫోటో తీసుకున్నాను.
మేనేజరుకి మెయిలు మొదలుపెట్టాను.
"ఆలస్యం ఎక్కడ మొదలవుతుందంటే"
దగ్గర ఆగింది చెయ్యి.
కర్సరు కొట్టుకుంటోంది.
కిటికీ బయట క్రేన్ల దీపాలు వెలిగాయి.
ఎంతసేపైందో
లోపలి గడియారానికి తెలుసు.