గట్టు

విల్సన్ గార్డెన్‌లో మూడో అంతస్తు, కిటికీల్లేని గది.
లేజరు ముందు ఒక్కొక్కటిగా నడిచిపోతాయి
కొడగు నుంచి వచ్చిన బొళ్ళమ్మ తెల్లకణాలు.
తెర మీద చుక్కలు, చుక్కల మీద చుక్కలు.
ఎవరో రాగిపిండి జల్లించి
పళ్ళెం దులపడం మరిచిపోయినట్టు.

నా పని గట్టు వేయడం.
మౌస్‌తో గీత గీస్తే లోపల పడ్డవాటికి లెక్క,
బయట పడ్డవాటికి ఊరూ పేరూ లేదు.
మడకశిరలో మా చిన్నాయన
రాత్రిపూట గట్టును జానెడు జరిపి
పదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాడు.
నేను రోజుకి ఇరవై గట్లు జరుపుతాను,
ఎవరూ దావా వేయరు.

ముప్పై ఎనిమిది.
అరవై దాటాలని కాగితం కుడి అంచున అచ్చు.
సీడీ యాభై ఏడు అని బిళ్ళ తగిలించుకున్న
సహజ హంతక కణాలు. పేరుకే హంతకులు,
కాపలా కూలీలు పాపం.
మైక్రోలీటరు నెత్తురుకి ముప్పై ఎనిమిది మంది.

ఫోను చేసింది. కాఫీతోట పద్దులు రాసే మనిషి,
అంకెలకు బెదిరే రకం కాదు.
"పిడుదు కరిచి మూడేళ్ళు. మోకాళ్ళు, మెడ, మతిమరుపు.
అందరూ మనోవ్యాధి అన్నారు.
ఇది తక్కువుంటే లైమే అని ఎక్కడో చదివాను.
తక్కువే కదా? చెప్పమ్మా, తక్కువే కదా?"
ఆ గొంతులో భయం లేదు.
జబ్బుకి ఒక పేరు దొరుకుతుందన్న ఆశ.
నా మడకశిర కన్నడంలో ఏదో నసిగాను.

రిపోర్టులో లేనిది నేను చెప్పకూడదు.
చెప్పొచ్చంటే మాత్రం ఏం చెప్పేదాన్ని?
మడికేరిలో పొద్దున ఆరింటికి తీసిన నెత్తురు
నాయండహళ్ళి సిగ్నల్ దగ్గర ఎండలో
ఎంతసేపు నిలబడిందో తెలీదని.
కాపలావాళ్ళు కొందరు దారిలోనే రాలిపోయి ఉండొచ్చని.
పంట తగ్గిందని కుంచం చెబుతుంది,
మేసిన గొడ్డు ఎవరిదో చెప్పదు.

డాక్టర్ సల్దానా కళ్ళద్దాలు నుదుటికి తోసి
"దీన్ని బట్టి లైం ఉందనీ అనలేం, లేదనీ అనలేం.
ఆమెకి నొప్పి ఉంది. అది మాత్రం రాయి" అన్నాడు.
ఎక్కడ రాయను సార్, ఆ గడి లేదు.

ఐదు నెలలకు తనే బస్సెక్కి వచ్చింది.
లిఫ్టు చెడింది ఆ రోజు.
మూడంతస్తులూ కమ్మీ పట్టుకుని,
మలుపు మలుపుకీ ఆగి.
ఇక్కడే చెయ్యి చాచి, సాయంత్రం దాకా బల్ల మీద కూర్చుంది.

తొంభై ఒకటి.

"ఎక్కువే కదా" అంది.
"అయితే నాకు నయమైపోయినట్టేనా?" అని
మోకాలు నొక్కుకుంటూ నవ్వింది.

తెరకేసి చూశాను.
గీత కాస్త జరిపితే ఎనభై నాలుగు.
మళ్ళీ ఉన్నచోటే పెట్టాను.
బల్లకి వీపు ఆనించుకునే వీలు లేదని
అప్పుడు చూసి,
నా కుర్చీ ఆమె వైపు లాగాను.