ఇలాంటిదే ఇంకొకటి

హకొదాతేలో ట్రాము మలుపు తిరిగేచోట
మా అద్దె డిస్కుల కొట్టు.
మంచు కురిసిన రోజు బేరం బాగుంటుంది.
వీధి మూతబడితే
ఏడవడానికి జనానికి కాస్త తీరిక.

అట్టముక్క మీద నాలుగు మాటలు రాసి
అరకు అంటించడం నా పని.
"ఇది నచ్చితే అది కూడా చూడండి."
పదకొండేళ్లు ఇదే రాత.
మొదట్లో కథను బట్టి రాసేదాన్ని.
మతిమరుపు పక్కన మతిమరుపు,
పగ పక్కన పగ,
వానలో ఇద్దరికీ ఒకటే గొడుగు పక్కన
మరో వాన, మరో ఒంటి గొడుగు.
మనిషిని పోలిన మనుషులు ఏడుగురంటారు.
సియోల్ నుంచి వచ్చే కథలకైతే
ఏడు డజన్లు.

తప్పు పట్టింది కజితాని గారు.
రేవులో స్క్విడ్ ఎండబెట్టే మనిషి,
ఆవిడ తిరిగిచ్చే డిస్కులకు కూడా ఉప్పు వాసన.
"ఇలాంటిదే అన్నావు కదమ్మాయ్, కాదు.
అందులో అత్తగారు యాపిల్ చెక్కుతుంది,
తొక్క ఎక్కడా తెగకుండా, పళ్లు బిగించి.
ఇందులో ఎవరూ ఏమీ చెక్కరు."
అని డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి
గొణుక్కుంటూ వెళ్లారు.

ఆ రాత్రి నా అట్టలన్నీ పీకేశాను.

తర్వాత ఎవరొచ్చినా ఒకటే అడిగేదాన్ని:
ఎక్కడ ఆపి వెనక్కి తిప్పారు?
ట్రాము నడిపే ఇసొగాయ్
చెవుల దాకా ఎర్రబడి చెప్పాడు.
నాయిక దిగని బస్సు ఉంది చూశావా,
అందరూ నాయకుడి కన్నీళ్లు చూస్తారు,
నేను డ్రైవరునే చూశాను, రెండు క్షణాలు,
తలుపు వేయాలా వద్దా అని ఆగాడు.
ఆ ఆగడం ఇంకెక్కడైనా ఉందా?

ఉంది. తైవాన్ సినిమా ఒకటి,
రైలు నడిపే ముసలాయన
అన్నం డబ్బా మూత తీసి
తినకుండా పట్టాల వైపు చూస్తూ కూర్చుంటాడు.
ఇసొగాయ్ దాన్ని మూడు వారాలు ఉంచుకున్నాడు.
ఆలస్య రుసుము అడగలేదు నేను.

బడిపిల్ల మహిరోకి తిట్లు కావాలి,
కొరియా అవ్వలు తిట్టే తిట్లు, దండిగా.
ఒక్కటి మాత్రం ఇవ్వలేకపోయాను.
తెల్ల మఫ్లరు కట్టుకున్న ఆమె, పేరు చెప్పలేదు,
"అచ్చం ఇదే కావాలి,
చివర్లో ఆమె విమానం ఎక్కనిది" అంది.
అర వెనక అర వెతికాను.
అన్నిట్లో ఎక్కుతున్నారు.

కిందటి ఏడాది కొట్టు మూసేస్తున్నామని
కాగితం అంటించాం.
అందరిళ్లలోనూ ఇప్పుడు
బొమ్మ దానంతటదే దిగివస్తుంది,
ఇంకోటి చూడమని అదే చెబుతుంది,
యాపిల్ సంగతి దానికి తెలియకపోయినా.

చివరి శనివారం కజితాని గారు వచ్చారు,
బూట్ల మంచు గడపలోనే దులుపుకుని.
"ఇన్నేళ్లు అందరికీ చెప్పావు.
నీకేది నచ్చుతుందని ఎవరైనా అడిగారా?"
నోట మాట రాలేదు.
నేను చూసినవన్నీ
ఇది ఎవరికి సరిపోతుందా అనుకుంటూ చూసినవే.

ఆవిడ ఒక డిస్కు బల్ల మీద పెట్టారు.
దానికి నా అట్టలాంటి అట్ట,
వంకర అక్షరాలు:
"పదహారో భాగం, ఇరవై రెండో నిమిషం.
ముందు ప్రేమికులు పోట్లాడుకుంటుంటారు.
వెనకాల కొట్టులో ఒక అమ్మాయి
అరలు తుడుస్తుంటుంది.
దాన్ని చూడు."

చూశాను, ఖాళీ అరల మధ్య,
డబ్బాల మీద కూర్చుని.
ఆ పిల్ల మొహం సరిగా పడలేదు.
పేరు చివర్లో కూడా వేయలేదు.
ప్రేమికులు అరుస్తున్నారు.
ఆమె ఒక సీసా తీసి, తుడిచి,
పక్క సీసా వైపు కొంచెం తిప్పి పెట్టింది,
ఆ రెంటికీ ఏదో పరిచయం చేస్తున్నట్టు.

ఆపాను.
వెనక్కి తిప్పాను.