ఎర్ర మచ్చ

బెళ్లందూరులో నాలుగో అంతస్తు.
బయట ముసురు, లోపల ఏసీ.
తెర మీద మాత్రం ఎండ కాస్తోంది.

రక్తపరీక్షల కంపెనీ వాళ్ల వెబ్‌సైట్ ఇది.
వారం రోజుల వేళ్లన్నీ రంగులై పడున్నాయి.
ఎక్కువ తాకిన చోట ఎరుపు,
ఎవరూ చూడని చోట నీలం.

కంప్యూటర్ల వాళ్లు తీరుబడిగా వచ్చారు.
ధరల పట్టీ మీద మౌసు అటూ ఇటూ,
కొనని చీర అంచు తడిమినట్టు
లేత పసుపు.
ట్యాబ్‌లో దాదాపు ఎవరూ లేరు.
ఫోన్‌లో బొటనవేలికి అందినంతే లోకం:
కింద కుడివైపు కొడవలి వంపు.

ఆ వంపు దాటి, వేలు సాచి మరీ,
ఒక్కచోట నెత్తుటి ఎరుపు.
అక్కడ బటనే లేదు.
"మీ రిపోర్టు సిద్ధమవుతోంది"
ఉత్త అక్షరాలు. నొక్కితే ఏమీ కాదు.
అయినా నొక్కారు, నొక్కారు,
గడియ పెట్టిన తలుపు కొట్టినట్టు.

"డెడ్ క్లిక్స్" అన్నాడు పొన్నప్ప.
"ఆ లైను పీకేయ్, మ్యాప్ చల్లబడుతుంది."
తలూపాను.

మొన్న బుధవారం రాత్రి
సిల్క్ బోర్డు దగ్గర కదలని బస్సులో,
బీటలు వారిన నా ఫోను మీద,
హైమ మెడలో గడ్డ ఏమిటో తేలక
నేనూ అక్కడే.
ఎన్నిసార్లో లెక్క ఉంటుంది.
తెరిచి చూడలేదు.

లైను తీయలేదింకా.
ల్యాబ్‌లో ఫోనెత్తినావిణ్ణి అడిగి
దాని కింద ఒక ముక్క చేర్చాను:
"రేపు పదకొండుకి వస్తుంది. పడుకోండి."

పొన్నప్ప ఇంకా చూడలేదు.