ఆగే చోటు

నాకు ఆ ప్రార్థన కంఠతా వచ్చు.
బ్రాగాలో సిస్టర్ ఎఫిజేనియా బెత్తం పట్టుకుని నేర్పింది,
ఏ మాట ఏ విభక్తో, ఏ క్రియ ఎవరిని వేడుకుంటోందో.
మూడేళ్లు వరసగా బహుమతి నాదే:
వెండిపూత మేరీమాత. ఇప్పుడు గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతాను.
పద్నాలుగో ఏట దేవుణ్ణి వదిలేశాను.
పాఠం మాత్రం నన్ను వదల్లేదు.

ఆ చదువే తిండి పెట్టి, చివరికి ఇక్కడికి తెచ్చింది,
జపాను పడమటి కొసన, ఎండు స్క్విడ్ వాసన కొట్టే దీవికి.
నాలుగు వందల ఏళ్ల కిందట మా రేవుల్లో ఓడలెక్కిన ఫాదర్లు
ఈ ప్రార్థన వీళ్ల నోట్లో పెట్టారు.
తర్వాత కొందర్ని తరిమేశారు, కొందర్ని చంపేశారు.
పుస్తకాలు కాలాయి. నోళ్లు మిగిలాయి.
ఫాదర్ లేడు, గంట లేదు, బడి లేదు.
బట్టల గదిలో దాచిన దేవుడు,
గొంతులో దాచిన మాటలు.

మొరినాగా తొమెకిచికి ఎనభై ఒకటి.
వలలు అల్లీ అల్లీ వంకర్లు పోయిన వేళ్లు.
మోకాళ్ల మీద కూర్చుని మొదలుపెడతాడు,
నేను పెన్సిలు చెక్కుకుంటాను.

పొల్లు పోకుండా అప్పజెప్పడం నా చదువు.
వీళ్ల భాషలో పొల్లే నిలవదు, ఒక్క నకారం తప్ప.
దిక్కులేని ప్రతి హల్లుకీ ఒక అచ్చు తొడిగారు,
చలికి పిల్లలకి తొడిగినట్టు.
దేఉస్ దేవుసు అయ్యాడు.
ఒక లాటిన్ మాట నలిగి నలిగి చేప పేరులా వినిపిస్తోంది.
దాని అర్థం అడిగాను.
"తెలీదు," అన్నాడు, గాలి ఎటు ఉందో చెప్పినంత మామూలుగా.
తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ గురించి అడిగాను.
"ముగ్గురా?" అని
లోపలున్న భార్యకి కేకేసి చెప్పాడు.

సిస్టర్ గనక పేపరు దిద్దితే
నాకు నూటికి నూరు. ఆయనకి సున్నా.

తొమ్మిదో రోజు కూడా అక్కడే ఆగాడు,
సరిగ్గా అదే చోట, మూడు ఊపిరులంత సేపు.
నోట్సులో ఎప్పుడో రాసుకున్నాను: ఇక్కడ మాట జారిపోయింది.
ఏ మాటో నాకు తెలుసు.
చెప్పకుండా ఉండలేకపోయాను.
మొత్తం ప్రార్థన లాటిన్‌లో చదివి వినిపించాను,
ఆ పోయిన మాటతో సహా, పొల్లు పోకుండా.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. అయ్యాక నడుం వంచాడు.
"చాలా బాగుంది," అన్నాడు.
"కానీ మీరు ఎక్కడా ఆగలేదు."

మాట జారలేదట.
అది అడుగుల చప్పుడు వినే చోటట.
సందులో ఎవరైనా వస్తున్నారేమోనని
ఆయన ముత్తాత, ఆ ముత్తాతకి తాత
పెదాలు బిగించి వీధివైపు చెవులొగ్గిన చోటు.

అధికారులు పోయారు. ఆ చట్టమూ పోయింది.
ఇప్పుడా సందులోకి పోస్టుమాన్ తప్ప ఎవరూ రారు.
"మరి ఇంకా ఎందుకు ఆగుతారు?"
"అదీ ప్రార్థనలో ఉందిగా," అన్నాడు,
ఇంత చదువుకున్నదానికి ఇది చెప్పాలా అన్నట్టు.

ఆ రాత్రి సత్రంలో నాకు నిద్ర పట్టింది, బాగానే పట్టింది.
దేవుడేమీ తిరిగి రాలేదు.
పొద్దున్న రికార్డు పెట్టుకుని ఆ చోటు మళ్లీ విన్నాను:
ఫ్రిజ్ మోత, మనవడి తుమ్ము,
దూరంగా ఒక పడవ ఇంజను పట్టీ పట్టక.
నా పెన్సిలు గీత కూడా వినిపించింది,
వాళ్లంతా వింటుంటే, నేనొక్కదాన్నే రాస్తూ.

వ్యాసంలో అక్కడ ఏ గుర్తు పెట్టాలో తోచలేదు.
చుక్కలు పెడితే పోయిందని అర్థం.
గీత పెడితే విరిగిందని.
మూడు ఊపిరులంత తెల్లకాగితం వదిలాను.

లిస్బన్‌లో ప్రూఫులు దిద్దే ఆయన చాలా నిక్కచ్చి మనిషి.
అచ్చుతప్పనుకుని
దగ్గరికి జరిపేశాడు.