నక్ష

హన్మకొండ రికార్డు రూములో
గాజుబల్ల కింద లైటు వేసి
మూడు కాలాల నక్షలు
ఒకదాని మీద ఒకటి పరిచాను.

అన్నిటికన్నా కిందిది బట్టకు అంటించిన కాగితం.
మడతల్ని చెదలు తిన్నాయి,
ఉర్దూలో రాసిన ఊళ్లు సగమే మిగిలాయి.
సముద్రం లేని నేలకు
కాజీపేట పట్టాలే రేవు.
అక్కడ దిగిన మనుషులు
నక్షకు ఇంత చొప్పున
నల్లచుక్కలై తూర్పుకు పాకారు.

తుమ్మకుంట
మొదటి దాంట్లో అరచేయంత నీలం.
రెండో దాంట్లో గోరంత.
మూడో దాంట్లో పేరొక్కటే, కాలనీది.

సాంబలక్ష్మి వచ్చింది, చెప్పులు బయట విడిచి.
మొన్నటి వానకు మంచంకోళ్లు మునిగిన ఫొటో
ఫోన్లో చూపించి
"మా ఇల్లేది సార్, గిండ్ల?" అంది.

వేలు పెట్టాను.
శిఖం భూమి. వంటిల్లు మొత్తం నీలంలో.
వేలు తీయబుద్ధి కాలేదు,
తీస్తే ఆమె చూస్తుంది.

చూసింది. ఏడుస్తుందనుకున్నాను.
"ఈ సన్నగీత ఏంది?"
ఎత్తు గీతమ్మా,
దీనికి ఈ పక్క నేల కొంచెం మీదికుంటది.

ఎనభై ఏళ్ల కింద
ఎండలో కొలతకర్ర నిలబెట్టి
ఎవరో పట్టుకున్న గీత
ఆమె పడకగది నడుమ నుంచి పోతోంది.

సంచిలోంచి కరెంటు బిల్లు తీసి
వెనకవైపు గీసుకుంది:
తలుపు, కిటికీ, ఆ గీత.
"బియ్యం డబ్బా ఈ పక్కకు జరుపుత.
అవ్వ మంచం గూడ."

గడప దాకా పోయి తిరిగొచ్చింది.
"పక్కింటి రజియాది గూడ చూడు సార్,
ఆమెకు నడుములెత్తు వచ్చినయి నీళ్లు."