కళ్లు తిరిగినవాళ్ల లెక్క

రాజాం ఆస్పత్రి, రికార్డుల గది.
పోయినేడు ఓపీకి వచ్చిన చీటీలన్నీ
గోగునార తాడుతో కట్టి
నా ముందు దభీమని పడేశాడు అటెండరు గవరయ్య.
తుమ్మాను. నవ్వాడు.

నా పని చిన్నది.
పక్క మీద దొర్లితే, అటక మీదకి చూస్తే
ఇల్లంతా గిర్రున తిరిగిందన్నవాళ్లని ఏరాలి.
వాళ్లలో ఎందరిని మంచమ్మీద కూర్చోబెట్టి
తల ఓ పక్కకి తిప్పి, అంచు దాటేలా వెనక్కి వాల్చి
అర నిమిషం కళ్లలోకి చూశామో లెక్కపెట్టాలి.
చూసినవాళ్లు లవం.
వచ్చినవాళ్లు హారం.
జిల్లాకి పంపాల్సింది ఒక్క అంకె.

హారంలో అరవైనలుగురు.
పొగిరిలో తాటిచెట్టు సగంలో
మోకు కావలించుకుని ఉండిపోయిన గీతగాడు,
బూజు దులుపుతూ కూలబడిన సంతకవిటి టీచరమ్మ,
బస్సు టాపు మీదకి మూటలు అందించే కుర్రాడు.
హారమంటే దండ అని కూడా కదా,
సూదికి గుచ్చిన కాగితాలు, ఒక్కోదానికీ నడుమ చిల్లు.

అందరూ ఒక్క మాటే చెప్పారు:
కళ్లు తిరుగుతన్నాయి.
దాని కింద మేం రాసినవే రకరకాలు.
పైత్యం. రక్తం తక్కువ. నీరసం. మెడ అరుగు.
ఒక చీటీ మీద, భయం.
నలభై ఒక్కరిని స్కానుకి విజయనగరం పంపాం.
నలభై ఒక్క తలకాయలూ
బస్సు చార్జీలు పెట్టుకుని వెళ్లి
బాగానే ఉన్నామని రాయించుకుని వచ్చాయి.

కళ్లలోకి చూసింది ఏడుగురికి.

నలభై ఎనిమిదో చీటీ.
గేదెల దాలమ్మ, నలభై ఆరు, డోలపేట,
జూట్ మిల్లు, నూలు ఖాతా.
మెడ అరుగు. పట్టీ. నెలకి సరిపడా బిళ్లలు.
ఈ కోడిగీతలు ఎవరివా అని
కళ్లజోడు తుడుచుకున్నాక తెలిసింది.
నావే.
ఆ రాత్రి రెండు తేలుకాట్లు, ఒక కష్టమైన కాన్పు,
కరెంటు పోయింది.
ఫారంలో వీటికి గడి లేదు.

మంగళవారం కబురంపితే వచ్చింది,
మెడకి అదే పట్టీ, జిడ్డుకి నల్లబడి.
పైన తెగిన పోగు చూడలేక
మిషను వదిలి గోనెలు కుట్టడానికి మారిందట.
పద్నాలుగు నెలలుగా గోడకి ఆనుకుని
కూర్చునే నిద్రపోతోందట.

వాల్చాను.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
అయిదు దగ్గర నల్లగుడ్లు కదిలాయి,
కింది చెవి వైపు
కదురు తిరిగినట్టు.
నా చొక్కా పట్టుకుని వేలాడింది.
"కళ్లు తిరుగుతన్నాయని అప్పుడే సెప్పినాను గదా బాబూ.
కళ్లే సూడ్నేదు నువ్వు."

చెవి లోపల దారి తప్పిన సున్నపు పలుకు,
ఇసుక రేణువులో సగం ఉండదు.
దాన్ని ఇంటికి చేర్చడానికి
తలకి నాలుగు మలుపులు, నాలుగు నిమిషాలు.
లేచి కూర్చుంది. పట్టీ విప్పింది.
తిరుగుతున్న ఫ్యాను వైపు మెడెత్తి
చాలాసేపు చూసింది.
ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.
"ఇంతేనా?" అంది.
అది సంతోషమో, తిట్టో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

సాయంత్రం ఫారం నింపాను.
ఎనిమిది అని రాయబోయి ఆగాను.
ఆమె పోయినేటి మనిషి. ఏడే.
రిమార్కుల దగ్గర మాత్రం
పద్నాలుగు నెలలు, కూర్చునే, అని రాసి
కింద సంతకం పెట్టాను, ఈసారి చదవగలిగేట్టు.

గవరయ్య తాడు బిగిస్తుంటే చెప్పాను,
ముడి గట్టిగా వెయ్యకు,
రేపు మళ్లీ విప్పాలి.