తలా పిడికెడు

పెరియమేటలో మా కొట్టు ముందు
ఎప్పుడూ పచ్చితోలు వాసన.
కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు.
బాక్సర్లు మూసుకోరు,
వాళ్ళ ముక్కులు ముందే విరిగి ఉంటాయి.

మా నాయన గిండీ గుర్రాలకి జీనులు కుట్టేవాడు.
నేను ప్రపంచ విజేతలకి నడుంపట్టీలు కుడతాను.
రెండు పొరల గేదెతోలు, నడుమ అట్ట,
ముందు పళ్ళెమంత ఇత్తడి రేకు,
రేకు మీద భూగోళం.
ఒక్కటే అచ్చు ఉంది నా దగ్గర.
అందులో ఏదో లోపం, హిందూ మహాసముద్రంలో
ఓ బొడిపె లేస్తుంది ప్రతిసారీ.
ఇప్పటికి పదకొండుమంది ప్రపంచ విజేతలు
ఆ లేని దీవిని నడుముకి కట్టుకు తిరుగుతున్నారు.

ఆర్డర్లు ఫోన్లో వస్తాయి.
"ప్రపంచ విజేత, అరవయ్యొక్క కిలోలు" అంటాడొకడు.
మరుసటి వారం ఇంకో సంఘం.
అదే తూకం, అదే ప్రపంచం.
ఆ పై నెల మొదటివాడే మళ్ళీ:
"పాతాయన సూపర్ విజేత అయ్యాడు మేస్త్రీ,
మామూలు విజేతకి ఒకటి కావాలి."
వారం తిరక్కుండా:
"మామూలాయన మోచేయి విరిగింది,
అది అతికేలోగా తాత్కాలిక విజేతకి ఇంకొకటి."
"మరి సూపరాయన?"
"విరామంలో ఉన్నాడు. విజేతే.
ఆయన పట్టీ ఆయనకే ఉంటుంది."
పట్టీకింతని సంఘానికి రుసుము ముడుతుందట.
తిలాపాపం తలా పిడికెడు.
నాకు మాత్రం నాలుగువేల రెండొందలు,
అదీ రెండు వాయిదాల్లో.

పొన్నురంగం వస్తాదు సాయంత్రాలు వచ్చి కూర్చుంటాడు.
చాకలిపేటలో ఉప్పు గిడ్డంగి ముందు
మోకులు కట్టి ఆడేవారట అప్పట్లో.
గెలిస్తే ఓ తువ్వాలు, అరడజను కోడిగుడ్లు.
ఓడినవాడు గెలిచినవాడికి టీ పోయించాలి.
"నీ తూకంలో నువ్వేనా పెద్ద?" అని అడిగాను.
కాసేపు వీధిలోకి చూశాడు.
"నెట్టుకుప్పంలో దైవసిగామణి ఉండేవాడు.
మూడుసార్లు టీ పోయించాను."
నలభయ్యారేళ్ళయింది.
ఆ పేరు చెప్పేటప్పుడు ఇప్పటికీ
గడ్డం కాస్త లోపలికి లాక్కుంటాడు.

మొన్న ముసురుపట్టిన రోజు ఇద్దరొచ్చారు,
రివెట్లు ఊడాయని.
యేసుపాదం, పుళియంతోపు.
తిమ్మరాయుడు, కోలారు నుంచి పొద్దుటి రైల్లో.
ఇద్దరూ ప్రపంచ విజేతలు. అరవయ్యొక్క కిలోలు.
ఒకే బల్ల మీద కూర్చున్నారు, మధ్యన నా సుత్తి.
"మీరిద్దరూ ఎప్పుడు తలపడతారు?" అన్నాను.
"మా సంఘం ఒప్పుకోదు" అన్నాడొకడు.
"మా సంఘానికి వాళ్ళ సంఘం ఉన్నట్టే తెలీదు"
అన్నాడు రెండోవాడు, సిగ్గుపడుతూ.
జిగురు ఆరడానికి ఇరవై నిమిషాలు.
వస్తాదుతో కలిపి నలుగురం టీ తాగాం.
వాన తెరిపిచ్చింది.

ఎవరు మొదలెట్టారో నేను చూడలేదు.
సందులో, ఉప్పు చల్లిన తోళ్ళ బండి పక్కన,
ఉత్త అరచేతులతో, నవ్వుకుంటూ,
దోమల్ని కొడుతున్నట్టు.
ఒక అడుగు పక్కకి.
ఒక భుజం కిందికి.
చప్పుడు.
మెత్తటి చప్పుడే, చెంప మీద.

నవ్వు ఆగింది.
బండివాడు తోళ్ళు దించడం ఆపాడు.
వస్తాదు గ్లాసు కింద పెట్టి
నెమ్మదిగా ఒక వేలు ఎత్తాడు,
మళ్ళీ తనే దించేసుకున్నాడు.

లోపలికొచ్చి
ఎవరి భూగోళం వాళ్ళు తుడిచి, గుడ్డలో చుట్టి
సంచుల్లో పెట్టుకున్నారు.
రెండిట్లోనూ ఆ దీవి అక్కడే ఉంది.
కోలారు బండికి టైమైందని ఒకరు,
ఇంట్లో చెప్పి రాలేదని ఒకరు.
పోతూ పోతూ ఇద్దరిలో ఒకడు
ఎవరూ అడక్కుండానే
నాలుగు టీలకీ డబ్బులిచ్చి వెళ్ళాడు.